ఎడమ కిటికీ పక్కన తమ్ముడు

అమ్మా,

నువ్వు కూరగాయలకి వెళ్ళగానే జీపు వచ్చేసింది. పాలు కాచి పెట్టాను. పదింటికి గ్యాస్ అతను వస్తాడు. సిలిండర్ నువ్వు ఎత్తకు, అతన్నే లోపల పెట్టమను. నాలుగు రోజుల్లో వచ్చేస్తాను.

ఒక మాట రాత్రే చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. నిన్న ఆకాశంలో, నేను నడిపే ట్యాంకర్ విమానం నుంచి యుద్ధ విమానాలకి ఇంధనం నింపుతున్నాం. మూడో విమానం వచ్చి వంతు కోసం నా ఎడమ కిటికీ పక్కనే ఎగురుతోంది. రేడియోలో గొంతు వినగానే తెలిసిపోయింది, తమ్ముడు. నాన్న పోయినప్పుడు రాలేదని "నాకిక తమ్ముడు లేడు" అన్నానే, ఆ తర్వాత వాడి గొంతు వినడం ఇదే. హెల్మెట్‌లో మొహం కనబడలేదు. ఎనిమిది నిమిషాలు మా గొట్టం పట్టుకుని వెనకే ఎగిరాడు. వేగం, ఎత్తు తప్ప ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఇంధనం నిండి గొట్టం వదిలాక, అందరూ వింటుండగానే అడిగాడు.

"అక్కా, అమ్మ మోకాలు తగ్గిందా?"

"తగ్గిందిరా" అన్నాను.

అంతే, పక్కకి తిరిగి మబ్బుల్లోకి వెళ్ళిపోయాడు. ఇంకొక్క నిమిషం ఉంటే బాగుండేదమ్మా.

నీ మోకాలి సంగతి వాడికి చెప్పింది నువ్వే కదూ? వాడితో మాట్లాడుతున్నట్టు నా దగ్గర ఇన్నాళ్ళూ దాచావని కాస్త కోపం వచ్చింది.

హారన్ కొడుతున్నారు, వెళ్తున్నాను.

ఇంకోటి. ఈసారి నేనుండగా వాడు ఫోన్ చేస్తే బాల్కనీలోకి పోయి మాట్లాడకు. నాకివ్వు.