ఎడమవైపు స్పీకరు

చోడవరం,
18-11-96.

చిరంజీవి గౌతమికి మామ్మ దీవించి రాయునది.

"మామ్మ చెవికే వినపడని వయొలిన్ రేడియోవాళ్ళకేం వినపడుతుంది, అందుకే ఆడిషన్ ఫారం పంపడం మానుకున్నాను" అని రాసేవు. ముందు ఆ వాక్యం దిద్దుకో. ఎందుకు దిద్దుకోవాలో చెప్పడానికి నాకు నాలుగు పేజీలు పడుతుంది. ఈలోగా ఫారం చింపకు.

ఇక్కడ అందరం కులాసా. మీ నాన్న నడుంనొప్పి, మీ అమ్మ నోరు యథాప్రకారం పనిచేస్తున్నాయి. నువ్వడిగిన మాడుగుల హల్వా విజయనగరం వచ్చేవాళ్ళు దొరికితే పంపుతాను. కిందటిసారి పట్టుకొచ్చినాయన దారిలోనే సగం బరువు తగ్గించేడు కాబట్టి, ఈసారి తీపి తినని మనిషి కోసం వెతుకుతున్నాం.

"నాన్న నిజంగా కారులో కొత్త స్టీరియో పెట్టించేడా?" అని అడిగేవు. సగం నిజం. పెళ్ళిళ్ళ రోజులొస్తున్నాయి. మన అంబాసిడర్ ఎక్కినవాళ్ళు దిగేటప్పుడు, "కారు బాగుంది గాని బంగార్రాజూ, నీ టేపు జలుబు చేసినట్టు పాడతందిరా" అని పోతున్నారట. మళ్ళీ బేరానికి రావడం లేదు. వాడి దగ్గరున్నది టైర్ల కోసం దాచిన డబ్బు. అందులోంచే స్టీరియో అన్నాడు. టైర్లు లేకుండా పాటలు వింటూ ఎక్కడికి పోతాడో చూద్దామని నేను కూడా అనకాపల్లి బయల్దేరేను.

అక్కడ ముజాహిద్ అని, నలభై దాటిన మనిషి, కారు టేపులు బాగుచేస్తాడు. మీ నాన్న వెళ్ళగానే, మా అమ్మ టీచరని నన్ను చూపించి, కొత్త టేపు డెక్కు చూపించమన్నాడు. ముజాహిద్ ఒక పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, మన పాత డెక్కులో పెట్టి తుడిచి బయటికి తీసేడు. పొయ్యిలో పెట్టి తీసినట్టు నల్లగా వచ్చింది.

"డెక్కుకేటీ అవలేదు బంగార్రాజుగారూ. మురికి పట్టీసింది, అంతే. దీన్నొగ్గీండి. ఉన్న డబ్బులు స్పీకర్లకి పెట్టండి."

కొనొద్దని చెప్పే కొట్టువాణ్ణి నేను ఈ వయసులో మొదటిసారి చూడడం.

వెనక సీటు వెనకాల పలక మీదకి కొత్త స్పీకర్లు రెండు, అక్కడున్న పాతవి ముందు తలుపుల్లోకి. స్పీకరు వెనక దూది కూరితే గొంతు నిండుగా వస్తుందన్నాడు. నడుము కింద పెట్టుకుందామని తెచ్చుకున్న నా బూరుగుదూది దిండు అలా కారుకి ధారపోసేను.

బిగించేముందు ఒక స్పీకరు నా చేతిలో పెట్టేడు. గౌతమీ, ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలకి అయస్కాంతం, తీగచుట్ట, కరెంటు అని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేను. బొమ్మ సరిగా గీయనివాళ్ళకి మార్కులు కోసేను. ఒక్కనాడూ దాన్ని చేత్తో పట్టుకోలేదు. ఇంతాచేసి అందులో ఉన్నదేమిటి? ఒక అయస్కాంతం, సన్నటి తీగ, దానికంటించిన నల్లకాగితం. ముజాహిద్ వైర్లు తగిలించేసరికి ఆ కాగితం నా అరచేతిలో ఒళ్ళు విరుచుకుని పాడడం మొదలెట్టింది. మృదంగం దెబ్బ నా మణికట్టు దాకా వచ్చింది. వట్టి కాగితమే! ఇన్నేళ్ళూ నేను చెప్పిన పాఠం ఇదా అని నోరు తెరుచుకుని నిలబడిపోయేను.

"అమ్మా, ఇచ్చీవే, బిగించాల" అని మీ నాన్న రెండుసార్లు అడిగితే గాని ఇవ్వలేదు.

పరీక్షకి నీ క్యాసెట్టే వేయించేను. నీ స్నేహితురాలి గాత్రానికొక మైకు, నీ వయొలిన్‌కొక మైకు పెట్టి మీ కాలేజీలో తీసేరే, అదే. అంతకుముందు దాన్ని నువ్వు వదిలివెళ్ళిన వాక్‌మన్‌లో, రెండు చెవులకీ తగిలించుకుని విన్నాను. విని నీకు ఏం రాసేనో నీకు కంఠతా వచ్చే ఉంటుంది: "గాత్రం తప్ప నాకేమీ వినపడలేదు. భయపడేవాళ్ళు పక్కవాద్యానికి పనికిరారు."

ముజాహిద్ బొత్తాం తిప్పి ఒక్కోవైపే వినిపించేడు. కుడివైపు ఆ అమ్మాయి గొంతు గంటలా మోగింది. ఎడమవైపుకి తిప్పితే ఎక్కడో పక్కవీధిలో దోమ.

"ఎడమది చచ్చిందయ్యా" అన్నాను.

"పలుకుతంది టీచరుగారూ."

"పలికితే నాకు వినపడదా?"

పాపం, రెండు స్పీకర్లూ విప్పి అటుది ఇటు, ఇటుది అటు వేసేడు. అయినా ఎడమదే చచ్చింది.

"నాకు ఇనపడతంది కదమ్మా" అన్నాడు మీ నాన్న.

"నీకు వినపడ్డమేమిట్రా, తొమ్మిదో తరగతిలో నా పాఠమే వినపడలేదు నీకు! ఇదిగో బాబూ, కొత్త సరుకని చెప్పి శవాన్ని అంటగట్టకు."

ముజాహిద్ పాట ఆపి, "ఏటీ అనుకోకపోతే, సీటు మీద వెనక్కి తిరిగి కూకుంటారేటండి ఓసారి?" అన్నాడు.

అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, నడిబజారులో, సీటు మీద మోకాళ్ళేసి వెనకద్దం వైపు తిరిగేను. "టీచరమ్మగారికి ఏటయిందర్రా?" అని పక్కకొట్టాయన అడగడం కూడా విన్నాను. ముజాహిద్ ఏమీ మార్చకుండా మళ్ళీ వేసేడు. చచ్చినది లేచి పాడింది. బొత్తాం ఇటు తిప్పితే ఇందాక గంటలా మోగినది దోమైపోయింది.

ప్రయోగంలో ఒక్కటే మార్చి చూడాలని పిల్లలకి చెప్పినదాన్ని నేనే. వైరు మారలేదు, పెట్టె మారలేదు, పాట మారలేదు. మారింది నా తల ఒక్కటే.

ముజాహిద్ చుట్టి ఉన్న వైరునే విప్పి మళ్ళీ చుట్టుకుంటూ కూచున్నాడు.

కారు దిగిపోదునే గాని, బొత్తాం మళ్ళీ అటు తిప్పించుకున్నాను. అటువైపు ఉన్నది నువ్వు. ఆ అమ్మాయి పై షడ్జమం అందుకుని ఊపిరి తీసుకునే ఖాళీలో నువ్వు ఆ స్వరాన్నే పట్టుకుని, ఇంకొంచెం సాగదీసి, మెల్లిగా కిందికి దింపి ఆమె చేతికిచ్చేవు చూడు, నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. భయం కాదే అది. అంత నిబ్బరం నీకు ఎవరు నేర్పేరు? నా కొంగు పట్టుకు తిరిగిన గుంటేనా? అద్దంలోంచి చెరకు లారీలు పోతూంటే చూస్తూ, మోకాళ్ళు తిమ్మిరెక్కేదాకా అలాగే విన్నాను. ఒక పక్కంతా విన్నాక ముజాహిద్ అడక్కుండానే క్యాసెట్టు తిరగేసేడు.

ఇప్పుడు అసలు మాట. ఆ ఎడమ చెవి మందగించి రెండేళ్ళు దాటింది, నాకు తెలుసు. పూర్తిగా పోయిందని మాత్రం ఆ సీటు మీదే తెలిసింది. మీ నాన్న ఇంట్లో ఫోను పెట్టిస్తానంటే ఖర్చని వద్దన్నాను, ఖర్చు కాదు. ఎవరొచ్చినా వాళ్ళ ఎడమపక్కకే వెళ్ళి కూచోవడం మర్యాద కోసం కాదు. పంచదార ఫ్యాక్టరీ సైరనుకి ముసలితనం వచ్చిందని మీ అమ్మతో వాదించేను. నీ వయొలిన్ వినపడనప్పుడైనా తప్పు నా చెవిదేమోనని తోచాలి. తోచింది కూడా. తోచినా నీదే తప్పని రాసేను, అది రాయడం తేలిక గనక. క్షమించమని అడగడం నాకు అలవాటు లేదు. అడుగుతున్నాను.

మేం బయల్దేరేముందు ముజాహిద్ డెక్కు కింద ఒక చిన్న స్విచ్చి పెట్టేడు. అది నొక్కితే రెండు వైపుల పాటా కలిసి రెండు స్పీకర్లలోనూ వస్తుంది. పెళ్ళివాళ్ళకి స్టీరియో, నాకు కలగలుపు. కారు ఇప్పుడు పాడుతోందంటే పాడుతోంది. నిన్న బేరానికొచ్చినవాళ్ళు ఇల్లొచ్చినా దిగలేదట.

సరిగా విన్నాను గనక సరిగానే తప్పుపడతాను. రెండో పాట చివర తొందరపడ్డావు. మృదంగం వెనకబడింది. అది సరిచేసుకో.

ఫారం ఈ వారమే రిజిస్టరు పోస్టులో పంపు. పోస్టాఫీసు నుంచి వస్తూ, మీ హాస్టలు వీధిలో చెవి డాక్టరు బోర్డు ఉందన్నావే, అక్కడ ఆగి ఆదివారం చూస్తాడేమో కనుక్కో. చూస్తానంటే ఉదయం పదకొండుకి నా పేర చీటీ రాయించి, నాకొక కార్డు ముక్క రాయి. ఎడమ చెవి అని చెప్పు, కుడిది కూడా ఒకసారి చూడమను. వయసు అరవై ఎనిమిది. గుండ్రంగా డెబ్భై అని రాస్తే దిద్దించు.

ఇట్లు,
నీ మామ్మ,
నూకరత్నం.