అర లీటరు బ్రేక్ ఆయిల్

సాంతియాగో నగరం, తివొలీ పేట, కొండ మీది వీధిలో కాపురముంటున్న ఎలీహియో దెస్పాయ్నె అనే నేను, వయసు డెబ్బై ఏడు, వృత్తి ఇనుముకు మెరుగుపూత పెట్టే క్రోమ్ ప్లేటింగు, ఊపిరితిత్తులు చెడినా బుద్ధి చెడలేదని డాక్టరమ్మ చేత కాగితం రాయించుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఎవరి మీదా కోపం లేకుండా (అల్లుడి సంగతి మూడో అంశంలో వస్తుంది) రాయిస్తున్న ఆఖరి వీలునామా ఇది. 2009లో రాయించినది ఇకమీదట చెల్లదు. అందులో ఒక అబద్ధం ఉంది.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా వీధిలో ఉండే రిటైర్డు పంతులమ్మ ఎనేలియా గారికి అప్పగిస్తున్నాను. ఆమెది పెద్ద గొంతు. ఆ గొంతుతో నాకు పని ఉంది.

1. నా దేహానికి పెద్ద తతంగం అక్కర్లేదు. మా సమాధిలో నా భార్య ఎడిల్మా, మా అబ్బాయి అమౌరి ఉన్నారు. నన్ను వాళ్ళ పక్కన పెట్టమని నేను కోరడం లేదు. ఐదో అంశం విన్నాక నా కూతురు నెరేయిదా ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టండి. ఎవరూ ఆమెకు నచ్చచెప్పవద్దు.

2. నేనుంటున్న ఇల్లు, అందులోని మంచాలు, వాళ్ళమ్మ కుట్టుమిషను, రేడియో సర్వహక్కులతో నెరేయిదాకు దఖలు పరుస్తున్నాను. కాఫీ వడగట్టే గుడ్డసంచి కూడా ఆమెదే. నలభై ఏళ్ళుగా నాకు కాఫీ వాసన తెలియదు. పూత పెట్టే తొట్టెలోంచి లేచే క్రోమ్ ఆసిడ్ ఆవిరి ముక్కులో మధ్య గోడను తినేసింది. మా వృత్తిలో చాలామందికి ఇంతే. ముక్కులో ఒక వైపు పెట్టిన అగ్గిపుల్ల రెండో వైపు తేలేది, పెళ్ళిళ్ళలో అది చేసి చూపించి నలుగురినీ నవ్వించేవాణ్ణి. రోజూ పొద్దున్నే కప్పు చేతికిస్తూ నెరేయిదా "ఇవాళ కమ్మగా వేగింది నాన్నా, వాసనొచ్చిందా?" అని ఆటపట్టిస్తుంది. ఆ ఒక్క మాట కోసమే నేను పొద్దున్నే లేస్తున్నానని ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

3. అల్లుడు ఒస్మెల్‌కు నా పాలిష్ చక్రం, తోలు ఏప్రన్ ఇస్తున్నాను. ఇన్నేళ్ళలో అతను గోళ్ళు నల్లబడే పని ఒక్కటి చేయగా నేను చూడలేదు. నా బ్యూక్ కారు తోలుతూ, ఎక్కిన టూరిస్టులందరికీ "అంతా ఒరిజినలే సార్" అని చెబుతాడు. లోపల ఉన్నది లారీ డీజిల్ ఇంజను, సీట్ల కింద స్ప్రింగులు మా అత్తగారి మంచానివి, హారన్ ఏదో పడవది. ఇంత ధైర్యంగా అబద్ధమాడేవాణ్ణి మా ఇంట్లో ఇంకొకణ్ణే ఎరుగుదును. కాబట్టి అతన్ని ఇంతకంటే తిట్టే యోగ్యత నాకు లేదు.

4. ఎనేలియా గారికి గోడకు వేలాడే బ్యూక్ హబ్ క్యాప్, అంటే చక్రం మీది మెరిసే మూత. ఒక పండుగకి అది పళ్ళెం అనుకుని అరటికాయ వేపుడు అందులోనే వడ్డించారు. అప్పటినుంచీ అది ఆమెదేనని నా లెక్క. నికెల్ తొట్టె, క్రోమ్ తొట్టె మాత్రం ఎవరికీ ఇవ్వడం లేదు. వాటిని కాలవలో పోయవద్దు, పిల్లల్ని దగ్గరికి రానీయవద్దు. విరుగుడు తెలిసినవాణ్ణి పిలిచి వాటిలోని విషాన్ని చంపించండి. అవి నన్ను తిన్నది చాలు.

5. నా బ్యూక్ కారు. 1953 నాటిది, టాపు మడిచే రకం. మా నాన్న ఒక డాక్టరు దగ్గర డ్రైవరుగా ఉండేవాడు. దేశం వదిలి పోతూ ఆ డాక్టరు కాగితాలతో సహా నాన్న పేర రాసి పోయాడు. ముందు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే గ్రిల్లు, మనిషి రెండు చేతులా ఎత్తలేని బంపర్, పక్కన ఒంపు తిరిగి వెనక చక్రం దాకా సాగే క్రోమ్ పట్టీ. మా ఇళ్ళల్లో గోడలు పెచ్చులూడతాయి, కుళాయిలు దగ్గుతాయి, దీపాలు పోతాయి. ఆ బంపర్ ముందు నిలబడిన మనిషికి మాత్రం తన ముఖం వెడల్పుగా, దర్జాగా కనిపిస్తుంది. పదిహేనో పుట్టినరోజు జరుపుకొనే ఆడపిల్లల్ని, పెళ్ళికూతుళ్ళని వెనక సీటు వీపు మీద కూర్చోబెట్టి, హారన్ కొట్టుకుంటూ ఊరంతా తిప్పేది ఈ బండిలోనే. ఆ మెరుపంటే నాకు పిచ్చి. పెళ్ళాం కంటే బండినే ఎక్కువ తుడిచానని ఎడిల్మా అనేది. నిజమే.

1994లో, దేనికీ దిక్కులేని ఆ రోజుల్లో, ఆగస్టు ఇరవైన ఒక పెళ్ళికి బండి ఒప్పుకున్నాను. అప్పటికి గ్రిల్లు పళ్ళు తుప్పెక్కి పచ్చబడ్డాయి. బ్రేకులూ సరిగా లేవు. నా బండి చూసేది రదమేస్ దువెర్జెల్. ఈ కొండ మీద అంతటి మెకానిక్ లేడు. చిన్నప్పటినుంచీ నాకు స్నేహితుడు, జ్ఞానస్నానమప్పుడు అమౌరిని ఎత్తుకున్న జ్ఞానతండ్రి. అసలైన బ్రేక్ ఆయిల్ ఊళ్ళో చుక్క లేదు. అతను ఓడ పనివాణ్ణి బతిమాలి అర లీటరు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి అన్నాడు: "ఒరే ఎలీ, రబ్బర్లు ఉబ్బిపోయాయిరా. సిలిండర్లు కడిగి, ఈ ఆయిల్ పోసేదాకా బండి వాలు దిగకూడదు. ముందు బ్రేకులు. పళ్ళు తర్వాత తోముకుందువుగాని."

ఆ వారమే ఒకడు రెండు కిలోల క్రోమ్ ఆసిడ్ పట్టుకొచ్చాడు. బదులుగా బ్రేక్ ఆయిల్ కావాలన్నాడు. ఇచ్చేశాను.

పళ్ళు తోముకున్నాను. నికెల్ పూత, దాని మీద క్రోమ్, ఒక్కో పన్నూ విడివిడిగా. బ్రేకుల్లో స్పిరిట్టు, షాంపూ కలిపి పోశాను. ఆ రోజుల్లో చాలామంది అదే పోసేవాళ్ళు, చదునైన ఊళ్ళలో ఎలాగో నడిచేది. మాది కొండ. రదమేస్ అడిగితే, సిలిండర్లు నేనే కడిగాను, నీ ఆయిలే పోశాను అని చెప్పాను. స్నేహితుడి మాట కదా, నమ్మాడు.

పెళ్ళి రోజు అమౌరి తోలాడు. ఇరవై మూడేళ్ళు వాడికి. వీధిలో జనం ఈలలు వేశారు. ఆ బండి అంత అందంగా అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. ఇప్పటికీ ఆ మాటే అంటాను, అదే నా సిగ్గు. పెళ్ళికూతుర్ని దింపేసి వాడొక్కడే ఓడరేవు వైపు వాలు దిగుతుండగా బ్రేకు పెడలు నేలకంటా పోయింది. హ్యాండ్ బ్రేక్ కేబులు అంతకు ముందు ఏడాదే మా పెరట్లో బట్టలారేసే తీగ అయింది. గిడ్డంగి గోడ కూలింది. బంపర్ వంగలేదు. గ్రిల్లులో ఒక్క పన్నూ రాలలేదు. స్టీరింగు మా వాడి ఛాతీలో దిగింది.

రదమేస్ పరిగెత్తుకొచ్చాడు. వెనక చక్రం దగ్గర తడిలో వేలు ముంచి వాసన చూశాడు. ఆపిల్ పండు వాసన షాంపూ అది. వాసన నాకు తెలియదు, అతని ముఖం చూసి తెలుసుకున్నాను. నా వైపు చూశాడు. తర్వాత రోడ్డు మీద కొడుకు తల ఒళ్ళో పెట్టుకు కూర్చున్న ఎడిల్మాను చూశాడు. తండ్రి చేసిన పని వల్లే పోయాడని ఆ తల్లికి చెప్పలేక నోరు మూసుకున్నాడు. ఆ మౌనాన్ని నేను వాడుకున్నాను. వీధంతా వినేలా వేలు పెట్టి చూపించి అరిచాను: "వీడేరా నా కొడుకుని చంపింది! వీడి చేతి పనే!"

ఆ తర్వాత అతని దగ్గరికి ఎవరూ బండి తేలేదు. ఇరవై నాలుగేళ్ళుగా వీధి మలుపులో చిన్న బల్ల వేసుకుని సిగరెట్ లైటర్లకు గ్యాసు నింపుతున్నాడు. అతని లైసెన్సు కార్డు మీద వృత్తిగా కూడా అదే రాసి ఉంది. ఎడిల్మా ప్రతి ఆదివారం చర్చికి పోతూ ఆ బల్ల ముందు ఉమ్మేది. అతను టోపీ తీసేవాడు. ఆమె నిజం తెలియకుండానే పోయింది. ఆమె పోయిన ఏడాదే, 2009లో, నా కొడుకుని చంపినవాడు నా శవం దగ్గరికి రాకూడదని వీలునామా రాయించాను. నేను చెప్పిన అబద్ధం అదే.

బండిని పదకొండు నెలలు పడి నేనే బాగుచేసుకున్నాను. ఇంకా ఎందరో పెళ్ళికూతుళ్ళను తిప్పాను. ఆ పళ్ళలో నా ముఖం కనిపిస్తుంది. తుడిచినకొద్దీ ఇంకా బాగా కనిపిస్తుంది.

కనుక సదరు బ్యూక్ కారును కాగితాలతో సహా రదమేస్ దువెర్జెల్‌కు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. (పై వాక్యం కొట్టివేయబడింది. కారణం కింద చూడండి.)

6. నేను పోయాక వచ్చే మొదటి ఆదివారం, చర్చి వదిలే వేళకు, ఎనేలియా గారు లైటర్ల బల్ల పక్కన నిలబడి ఐదో అంశాన్ని ఒక్క మాట వదలకుండా పైకి చదవాలి. నేను ఎంత గట్టిగా అరిచానో అంత గట్టిగా.

సంతకాలకు ముందు చేర్చినది:

ఈరోజు నోటరీ గారు ఇదంతా నా మంచం దగ్గర చదివి వినిపించారు. నెరేయిదా, ఎనేలియా గారు, సాక్షిగా వచ్చిన మంగలి ఫ్లోరెంతీనో విన్నారు. నేను కబురు పెడితే రదమేస్ కూడా వచ్చాడు, ఇరవై నాలుగేళ్ళ తర్వాత మా గడప తొక్కాడు. చదవడం అయ్యాక నెరేయిదా లోపలికి పోయి కుర్చీ తెచ్చి అతనికి వేసింది. నాకు కాఫీ ఇచ్చింది. వాసన సంగతి అడగలేదు.

రెండో సాక్షిగా రావలసిన మనిషికి బస్సు దొరకలేదు. ఇంకెవరైనా ఉన్నారా అని నోటరీ గారు అడిగితే రదమేస్ లేచాడు. ఆస్తి పుచ్చుకునేవాడు సాక్షి కాకూడదని ఆయన అన్నారు. అప్పుడు రదమేస్ నాతో అన్నాడు: "అయితే నన్ను అందులోంచి కొట్టేయ్. నీ బండి నాకెందుకురా? కింద సంతకం నేను పెడతాను. బండి అమ్మాయికియ్యి. నేను బ్రేకులు విప్పి చూసేదాకా అంగుళం కదపకూడదని రాయి."

అలాగే రాయించాను. బ్యూక్ నెరేయిదాకు, ఆ షరతు మీద. అతను నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

సాక్షుల వృత్తి కూడా రాయాలని నోటరీ గారు అన్నారు. రదమేస్ జేబులోంచి లైసెన్సు కార్డు తీసి కాసేపు చూశాడు. తిరిగి జేబులో పెట్టుకుని కలం అందుకున్నాడు.

2018 ఏప్రిల్ 9, సోమవారం, నా ఇంట్లో.

(సంతకం) ఎలీహియో దెస్పాయ్నె

సాక్షులు:
ఫ్లోరెంతీనో లఫార్గ్, మంగలి.
రదమేస్ దువెర్జెల్, మోటారు మెకానిక్.