గోడ మీద నుంచి అందిన వైరు

మే 1998, శుక్రవారం
అశోక్ నగర్

మా డాబా మీద సెల్‌ఫోన్ టవర్ పెడితే ఇరుగుపొరుగుకు అభ్యంతరమా అని అడగడానికి మునిసిపాలిటీ ఆయన ఇవాళ వచ్చాడు. అభ్యంతరం చెబితే పక్కింటి రాజమణే చెప్పాలి. టవర్ లేచేది ఆమె పడకగది కిటికీ ఎదురుగానే. గోడ దగ్గరికి వచ్చి ఆయన్ని కాదు, నన్ను అడిగింది.

"ఏందన్నా అది? మాకేమన్న పరేషానా?"

"ఏం లేదమ్మా. పెద్ద టీవీ యాంటెనా అనుకో." నోరెలా వచ్చిందో.

"మా అన్న చెప్పిండు కద సార్, మాకేం అభ్యంతరం లేదు," అని ఆయనతో అనేసి లోపలికి వెళ్లిపోయింది.

దానివల్ల మంచో చెడో నిజానికి నాకూ తెలియదు. ఆ మాటైనా చెప్పి ఉండాల్సింది. టవర్‌కు కంపెనీవాళ్లు నెలనెలా ఇచ్చే కిరాయి గుర్తొచ్చి ఊరుకున్నాను.

సాయంత్రం ఆమె గోడ మీద నుంచి వైరు చుట్ట అందించింది.

"మా టీవీల బొమ్మ సక్కగ వస్తలేదన్నా. పెద్దది పెడుతున్నరు కద, మాది గుడ జర దానికే కలుపు."

కాదనలేక తీసుకున్నాను. ఇప్పుడు బల్ల మీద, నా మోచేతి పక్కనే ఉంది.

టవర్ లేచిన రోజు ఆమె టీవీ పెట్టుకుని కూర్చుంటుంది, డాబా మీద నుంచి నేను "వచ్చిందా?" అని అరుస్తానని.