బిస్కెట్‌కు ఆరడుగుల ఇల్లు

క్వేకర్స్ హిల్, సిడ్నీ
9 జనవరి 2000

చి.ల.సౌ. కుసుమకు శ్రీపతి ఆశీర్వదించి రాయునది.

అంజని, అల్లుడు అచ్యుత్, మన తనీష, నేను ఇక్కడ బాగానే ఉన్నాం. తనీష పెంచుకుంటున్న పాము కూడా బాగానే ఉంది. బాగా లేనిది ఒక్క వియ్యంకుడు రాజారావుగారే. అందుకు నేనేమీ విచారించడం లేదు. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. మీ అక్కయ్య చేత చదివించుకోకు. కన్ను అలసిపోతే పక్కన పెట్టి రేపు చదువుకో. ఇది నువ్వొక్కదానివే చదవాల్సిన ఉత్తరం.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మీ అక్కయ్యకు తుంటి ఎముక అతికినా అప్పుడే కర్ర వదలవద్దని చెప్పు. ఆవిడ పూర్తిగా లేచి తిరిగేదాకా నువ్వు బాపట్లలోనే ఉండు, నా గురించి తొందరపడకు. ముప్పై ఒకటో తేదీ రాత్రికి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయటగా, అల్లుడి ఉద్యోగం ఏమవుతుందని అడిగావు. అచ్యుత్ ఆ రాత్రి ఆఫీసులోనే కూర్చున్నాడు. ఏమీ ఆగలేదు. ఏమీ ఆగనందుకు వాళ్లకు పిజ్జాలు తెప్పించి పెట్టారట. నాగుల చవితికి పాముకు పాలు పోశారా అని కూడా అడిగావు. పాము పాలు తాగదు కుసుమా, మంచినీళ్లు తాగుతుంది. అంజని పెరట్లో యూకలిప్టస్ చెట్టు మొదట్లో పాలు పోసి దణ్ణం పెట్టుకుంది, అంతే.

చివర్న రాజారావుగారి గురించి, ‘అన్నయ్యగారు వస్తున్నారు కదా, ఆయన్ని నొప్పించకండి’ అని రాశావు. ఆ మాట చేరేసరికి చాలా ఆలస్యమైపోయింది.

నేను ఈ దేశం వచ్చినప్పుడు బిస్కెట్ చెప్పుల అట్టపెట్టె అంత ప్లాస్టిక్ డబ్బాలో చుట్టుకుని పడుకునేది. బిస్కెట్ అంటే ఆ పామే. విషం లేని కొండచిలువ. ఇక్కడ కార్పెట్ పైథాన్ అంటారు, ఒంటిమీద తివాచీ అల్లిక లాంటి మచ్చలుంటాయి. ప్రభుత్వం లైసెన్సు ఇస్తే ఇంట్లో పెంచుకోవచ్చు. డబ్బా చాలక చేపల తొట్టిలోకి మార్చారు. పోయినేడాది ఆ తొట్టీ చాలకుండా పోయింది. రోజంతా ముట్టెతో మూతను తోస్తూ ఉండేది. రాసుకుని రాసుకుని ముక్కు మీద పొలుసు లేచిపోయింది. “ఇట్స్ టూ స్మాల్ ఫర్ హిమ్, తాతా!” అని తనీష ఏడుపు మొహం పెట్టింది. కొత్త పెట్టె చూసే పని నేను నెత్తిన వేసుకున్నాను.

లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి చదివాను. పాముల మీద మనవాళ్లు రాసినదంతా శాపాల గురించి, వీళ్లు రాసినదంతా ఉష్ణోగ్రత గురించి. పాముకు తన ఒంట్లో వేడి పుట్టదు. అందుకని పెట్టెలో ఒక కొస వెచ్చగా, ఇంకో కొస చల్లగా ఉండాలి, ఎక్కడ ఉండాలో అదే చూసుకుంటుంది. అద్దపు తొట్టిలో వేడి నిలవదు, చెక్కపెట్టెకు ముందు వైపు మాత్రం అద్దం ఉంటే మంచిది. గాలికి చిల్లులు కావాలి, కానీ తల పట్టేటంత కాదు. దాక్కోవడానికి మూల, ఒళ్లు నానేసుకోవడానికి నీళ్ల తొట్టి, పాకడానికి కొమ్మ, అద్దానికి తాళం. అన్నిటికంటే ముఖ్యం, అది ఒళ్లు చాచుకోవడానికి చోటు.

ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను. నాకు హైదరాబాదులో రాజారావుగారి ఇంటి మెట్ల కింద గది కళ్లముందుకొచ్చింది.

నువ్వు మర్చిపోయానంటావు. నేను మర్చిపోలేదు. నీ కంటి ఆపరేషన్‌కు వెళ్లి వియ్యంకుడి ఇంట దిగాం. మేడమీద గది తాళం వేసి ఉంచి, చీఫ్ ఇంజనీరుగారి చుట్టాలెవరో వస్తారని చెప్పి, మనకు మెట్ల కింద పక్క వేయించాడు. ఒక పక్క గ్యాస్ సిలిండర్లు, ఇంకో పక్క ఉల్లిపాయల బస్తా. నువ్వు కంటికి కట్టుతో మోకాళ్లు ముడుచుకుని పడుకున్నావు. ఎవరు మెట్లెక్కినా మన మీద సున్నం రాలేది. చుట్టాలెవరూ రాలేదు. నీ కంట్లో చీము పట్టింది, ఎడమకన్ను మసకబారిపోయింది. అది తెలిసి కూడా ఆయన ఒక్కసారి ఆస్పత్రి గడప తొక్కలేదు. ఆ కన్నుకు ఆయన చేత జవాబు చెప్పించాలి. ఇన్నేళ్లుగా నాకున్న కోరిక అదొక్కటే.

ఆయన డిసెంబరులో వస్తున్నాడని అక్టోబరులోనే తెలిసింది. ఈ ఇంట్లో చుట్టాలకు ఇవ్వదగ్గది నేను పడుకునే గది ఒక్కటే. ఆ ఆదివారం భోజనాల దగ్గర, పెట్టె ఎక్కడ పెట్టాలన్న మాట నేనే ఎత్తాను.

“గరాజ్‌లో పెట్టేద్దాం మామయ్యా, ప్లెంటీ ఆఫ్ స్పేస్” అన్నాడు అచ్యుత్.

“ఎండాకాలం అందులో ఇనప రేకు తలుపు నిప్పులా కాలుతుంది, చలికాలం పాము బిగుసుకుపోతుంది. హాల్లో పెడితే కిటికీలోంచి ఎండ నేరుగా అద్దం మీద పడుతుంది. లోపల ఉడికిపోతుంది పాపం” అన్నాను.

“మరి తనీష రూమ్‌లో?” అంది అంజని.

“నాలుగడుగుల పెట్టె అయితే పడుతుందమ్మా. కానీ ఎదిగే ప్రాణి. కొన్నాళ్లకు మళ్లీ కొంటారా? ఇప్పుడే ఆరడుగులది తీసుకోండి. నా గదిలో పెట్టండి, నాకేం భయం లేదు.”

ప్రతి మాటా నిజమే. కానీ బిస్కెట్‌కు ఇంకో రెండేళ్లదాకా నాలుగడుగులు చాలు. మరీ పెద్దదైతే బెదిరి తిండి మానేస్తుందని పుస్తకంలో ఉంటే, దాక్కోవడానికి రెండు మూలలు అదనంగా చేయించాను. ఆ పైన పెంచిన రెండడుగులూ రాజారావు కోసం. పెట్టె వచ్చాక గదిలో మంచానికీ దానికీ మధ్య మనిషి పక్కవాటుగా నడవాల్సి వచ్చింది. బిస్కెట్ మాత్రం మొదటి రోజే ఈ కొస నుంచి ఆ కొస దాకా కర్రలా సాగి పడుకుంది. ముక్కు మీద పుండు మానింది. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

రాజారావు వచ్చాడు. మనిషి కొంచెం వంగాడు గానీ గొంతు తగ్గలేదు. ఇరిగేషన్‌లో ఎస్.ఈ.గా రిటైరై ఎన్నేళ్లయినా, పక్కనున్న వాళ్లందరూ ఇంకా గుమాస్తాల్లాగే కనిపిస్తారు. నేను నా దుప్పటీ పుస్తకాలూ కంప్యూటర్ గదిలోకి మార్చుకుని, మర్యాదగా నా గది ఆయనకు చూపించాను.

“ఏమిటి బావగారూ ఇది! పాముతో పడుకోవాలా నేను?”

“తాళం ఉంది బావగారూ. మీరు దాని జోలికి వెళ్లకపోతే అది మీ జోలికి రాదు.”

“కనీసం ఆ ఫ్యానన్నా వేయించండి, ఉక్కపోస్తోంది.”

“దానికి గాలి విసురు పనికిరాదండీ. జలుబు చేస్తుంది.”

“పాముకి జలుబా!”

“చేస్తుంది బావగారూ. పుస్తకంలో ఉంది.”

ఆయన మొహం చూడాల్సింది. పాతికేళ్లు డ్యాములు కట్టించిన మనిషి! డిసెంబరు ముప్పై ఒకటిన స్నానాల తొట్టినిండా నీళ్లు పట్టి పెట్టాడు. పన్నెండు కొట్టగానే పెట్టెలో వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ వైటూకే వచ్చి పాడైపోతుందని, పాము చలికి తట్టుకోలేక తన పక్కలోకి వస్తుందని వణికిపోయాడు. “తాతా, ఇట్ డజన్ట్ ఈవెన్ హావ్ ఎ క్లాక్” అంది తనీష. నాకు ఆ పూట అన్నం రుచిగా తోచింది.

ఇంత చేసినా నాకు కావలసింది దొరకలేదు. ఎందుకు చేస్తున్నానో ఆయనకు తెలియాలి కదా. ఒకరోజు వాకింగ్‌లో కదిపి చూశాను, “కుసుమ ఆపరేషన్‌కు మీ ఇంటికి వచ్చాం, గుర్తుందా?” అని. ఆయన బుర్ర గోక్కున్నాడు. “మీరొచ్చారా? నేను ఊళ్లో ఉన్నానా అప్పుడు?” నటన కాదు కుసుమా. నిజంగా గుర్తులేదు. నీ కన్ను పోగొట్టి, ఆ సంగతి మర్చిపోయి హాయిగా బతికాడు. అలాంటివాడి మీద పగ తీర్చుకోవడం గోడతో దెబ్బలాడటం లాంటిది. ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది.

మొన్న గురువారం ఆయనే దారి చూపించాడు. అద్దంలోంచి పాము తనవంకే చూస్తోందని, నాగేంద్రుడికి ఏదో లోపం జరిగిందని పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా మేకుకున్న తాళంచెవి తీసి, అద్దం జరిపి, నీళ్ల తొట్టిలో ఆవుపాలు పోసి చిటికెడు పసుపు వేశాడు. దణ్ణం పెట్టుకున్న కంగారులో తాళం వేయడం మర్చిపోయాడు. మధ్యాహ్నానికి పెట్టె వేడికి పాలు విరిగి గదంతా కంపు. తనీష వెళ్లి చూస్తే అద్దం జానెడు తెరిచి ఉంది, లోపల బిస్కెట్ లేదు.

ఇల్లంతా వెతికాం. రాజారావు డైనింగ్ కుర్చీ మీదకెక్కి దిగనన్నాడు. చివరికి ఆయన తెరిచిపెట్టిన సూట్‌కేసులోనే దొరికింది, పట్టుపంచె మడతల్లో చుట్ట చుట్టుకుని. తనీష దాన్ని భుజాన వేసుకుని వచ్చి ఆయన్ని కడిగిపారేసింది.

“హూ గేవ్ హిమ్ మిల్క్? హి కుడ్ గెట్ రియల్లీ సిక్!”

“పాలు పోయకపోతే పగబడుతుందమ్మా” అన్నాడు కుర్చీ మీంచే.

పాముకు పగ పట్టేటంత బుద్ధి లేదని నేను చదివిన పుస్తకాలన్నీ చెబుతున్నాయి. ఈ ఇంట్లో పగ పట్టిన ప్రాణి ఆయన ఎదురుగానే నిలబడి ఉంది, అది ఆయనకే తెలియలేదు.

సాయంత్రం అచ్యుత్ ఆఫీసు నుంచి రాగానే ఆయన అందుకున్నాడు. “ఏరా, కన్నతండ్రిని పురుగూ పుట్రా ఉన్న గదిలో పడేస్తారా? ఇంటికొచ్చిన పెద్దవాణ్ణి ఎవరైనా ఇలా చూస్తారా? ఇదేనా మర్యాద?”

ఆ మాట ఆయన నోటి వెంట వచ్చాక నేనింక ఆగలేకపోయాను. నీతో చెప్పడానికి ఇంతసేపు తటపటాయించింది ఇదే. మన మాట వల్ల పిల్ల కాపురంలో నలుసు పడకూడదని, ఎవరికీ చెప్పనని నువ్వు ఆస్పత్రి మంచం మీద నా చేత అంజని మీద ఒట్టు వేయించుకున్నావు. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. మెట్ల కింద గది, సిలిండర్లు, బస్తా, సున్నం, చీము, మేడమీద తాళం, అన్నీ చెప్పాను. గొంతు పెంచలేదు. మా కాలేజీలో చరిత్ర పాఠం చెప్పినట్టు చెప్పాను. అంజని వింటూ వింటూ చేతిలోని గరిటె కింద పెట్టేసింది.

“అమ్మ కన్ను దానివల్లా? షుగర్ అని చెప్పారు కదా నాన్నా, నాకు!”

“నాకేం గుర్తులేదు. ఎప్పటి సంగతో” అన్నాడు రాజారావు.

అప్పుడు అచ్యుత్ నోరు విప్పాడు. మన అల్లుడు తండ్రికి ఎదురు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. “నాకు గుర్తుంది నాన్నా. అప్పుడు మేం కొత్తగా ఇక్కడికొచ్చాం. ఐ కాల్డ్ యూ ఫ్రమ్ ద ఫోన్ బూత్. అత్తయ్య ఎలా ఉందని అడిగితే, మేడమీద గదిలో పెట్టాను, ఏ లోటూ లేదు అన్నావు. ఆ మాట నేను అంజనికి చెప్పాను. షి వాజ్ సో హ్యాపీ.”

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. మొహంలో తెలిసిపోయింది. అబద్ధం ఆడిన మాట మనిషికి గుర్తుంటుంది కాబోలు. కుర్చీలో కూలబడ్డాడు. జాలి పడతానేమోనని నన్ను నేనే చూసుకున్నాను. పడలేదు.

“ఇన్నేళ్లు మీ కాళ్లకి దణ్ణం పెట్టాను మామయ్యగారూ” అంది అంజని. కంచాలు తీసేసింది. దాని కాపురానికేం భయం లేదు. ఆ పూట గిన్నెలు కడుగుతూ మొగుడూ పెళ్లాం పక్కపక్కనే నిలబడ్డారు. నువ్వు అనవసరంగా ఇన్నాళ్లు కాపలా కాశావు. అయినా మాట తప్పింది నేను. నీకు కోపం వస్తే రానీ.

మర్నాడు పొద్దున రాజారావు సర్దుకున్నాడు. కెల్లీవిల్‌లో మేనల్లుడు ఉన్నాడు, వాడింటికి వెళతానన్నాడు. ఎవరూ ఉండమనలేదు. కారెక్కబోతూ నన్ను పక్కకు పిలిచాడు.

“బావగారూ, తప్పయిపోయింది. క్షమించండి.”

“నా కళ్లు రెండూ బాగానే ఉన్నాయండీ. అడగాల్సింది నన్ను కాదు” అన్నాను.

“ఫోన్ చేసి చెల్లెమ్మతో మాట్లాడనా?”

“వద్దు. ఫోనులో అయితే నిమిషంలో అయిపోతుంది. కూర్చుని రాయండి. ఏ గదిలో పెట్టారో, ఎందుకు పెట్టారో, అన్నీ రాయండి.” జేబులోంచి పెన్ను తీసి బాపట్ల అడ్రసు ఆయన అరచేతిలో కాగితం పెట్టి రాసిచ్చాను. పిన్‌కోడుతో సహా.

రాస్తాడు. కొడుకు మొహం చూడాలంటే రాయక తప్పదు. ఈ నెలాఖరుకు నీకు అందుతుంది. నీ సంగతి నాకు తెలుసు. విప్పిన పూటే కార్డు తీసి ‘ఫరవాలేదు అన్నయ్యగారూ, అవన్నీ ఎప్పుడో మర్చిపోయాను’ అని గిలికి డబ్బాలో వేస్తావు. నా మీద ఏ మాత్రం దయ ఉన్నా ఆ పని చేయకు. ఉత్తరం చదువు, మడిచి దిండు కింద పెట్టు, కాళ్లు చాపుకుని నిద్రపో. కనీసం అక్కడ మామిడికాయలు దిగేదాకా జవాబు రాయకు. కెల్లీవిల్‌లో ఆయన్ని రోజూ గేటు దాకా వెళ్లి పోస్టు డబ్బా తెరిచి చూసుకోనీ.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ అంజని నాన్న,
శ్రీపతి