బోణీకి ముందు వచ్చిన మాట

1978 జూలై 3, సోమవారం
మామగారికి పక్షవాతం వచ్చి నెల దాటింది. కాలూ చేయీ కాస్త కదులుతున్నాయి. మాటే… లేదు. రాజమండ్రి డాక్టరు గారు, "ఆయనకి ఇష్టమైనవి చదివి వినిపించమ్మా" అన్నారు. ఇత్తడి సామాను అమ్ముకునే మనిషికి ఇష్టమైంది ఏంటయ్యా అంటే— ఇంగ్లీషు డిక్షనరీ! పెళ్ళైన కొత్తలో నాకు రోజుకో మాట నేర్పేవారు. ఇప్పుడు నా వంతు.

జూలై 4
అత్తగారు— "ఇంగ్లీషు మందంటే ఇదేనటే?" ఇద్దరం నవ్వుకున్నాం. ఎన్నాళ్ళకో!

జూలై 6
ఇవాళ 'రిటర్న్'. తిరిగి రావడం, తిరిగి ఇవ్వడం, ఎన్నికల్లో గెలిపించి పంపడం… బోలెడు అర్థాలు. కొట్లోంచి మావారి కేక— "సేల్స్‌టాక్స్ రిటర్న్ మరిచిపోకు!" పుట్టుక ఫ్రెంచి. అంతకు ముందు లాటిన్, ఆ వెనక గ్రీకు. అక్కడ దాని అర్థం గిరగిరా తిరిగే లేత్ మిషను అట! "మన పెరట్లో చెంబులకి మెరుగు పెట్టే లేతే కదండీ మామయ్యగారూ" అన్నాను. పెదవి ఓ పక్కకి సాగింది. నవ్వే. నవ్వే అనుకుంటాను.

జూలై 7
మళ్ళీ అదే మాట. పేజీ తిప్పనివ్వరు, వేలు అడ్డం పెడతారు.

జూలై 10
పొద్దున్నే కొట్టు తీయగానే చేపలమ్మే సూరమ్మ, నిన్న కొన్న గుండిగ పట్టుకొచ్చింది. "కారిపోతందండి బాబూ. కోడలికి పురిటి నీళ్ళు కాయాలండి…" మావారు— "బోణీ కాకుండా సరుకు వెనక్కి పుచ్చుకోమమ్మా. కాసేపాగి రా." ఆ నియమం మామగారు పెట్టిందే. ఎవరికోసమూ తప్పలేదు ఆయన. సూరమ్మ మెట్ల మీద కూలబడి ఏడుపు.
నడవాలో మంచం మీంచి— "పుచ్చుకోరా!"
ముద్దముద్దగానే. కానీ మాట! మావారు గుండిగ మార్చి ఇచ్చేసి, లోపలికొచ్చి నాన్న కాళ్ళ మీద పడ్డారు. దేవుడా, నీకు వెయ్యి దండాలు. సూరమ్మా, నీకు కూడా.

జూలై 12
రెండో మాట రాలేదు. ఫరవాలేదు. వచ్చిన ఒక్కటీ ఎంత మంచి మాట!

జూలై 13
సాయంత్రం అత్తగారు డిక్షనరీ నా చేతిలోంచి తీసి పక్కన పెట్టేశారు. ఆయన మంచం పట్టె మీద కూర్చుని— "పేరెట్టి పిలవద్దు లెండి. ఎప్పట్లాగే 'ఏమేవ్' అనండి. చాలు."
ఆయన పెదవులు కదిలాయి. అత్తగారు చెవి దగ్గర పెట్టారు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, నేను గుమ్మంలోంచి కదల్లేదు…