అనిత రాసిన నాన్న

బుధవారం, రాత్రి

పదో తరగతి పరీక్షలకు ఇంకా మూడు వారాలే ఉన్నాయి. ఈరోజు నేను దిద్దిన ఇంగ్లీషు పేపర్లలో అనితది ఒక్కటే తప్పుల్లేని పేపరు. ‘మా నాన్న’ వ్యాసంలో వాళ్ల నాన్న బ్యాంకు మేనేజరు. పొద్దున్నే షటిల్ ఆడతాడు, ఆదివారం పిల్లల్ని కారులో పార్కుకు తీసుకెళ్తాడు. గైడులో ఉన్నది ఉన్నట్టు దించేసింది. ఆయనేమో దసరా కాగానే పుణెకు మట్టిపనికి పోయిన మనిషి.

పిలిచి అడిగాను. “మీ నాయన గురించే రాయొచ్చు కదమ్మా?”

“మొన్న రాసిన గద మేడం. మీరే కొట్టేసిండ్రు.”

కోపంగా కూడా అనలేదు.

స్టాఫ్ రూములో పాత పేపర్ల కట్ట విప్పాను. నిజమే. నాన్న తట్టలు మోస్తాడని, ఫోన్ చేస్తే ‘తిన్నవా బిడ్డా’ అని తప్ప ఇంకేమీ అడగడని, వచ్చీరాని ఇంగ్లీషులో పేజీన్నర రాసింది. ప్రతి వాక్యం కిందా నా ఎర్రగీత. పదికి రెండు వేసి, ‘గైడు చూసి నేర్చుకో’ అని రాశాను. అప్పుడు అందులో ఏముందో చదివిన గుర్తే లేదు.

గైడు లేకపోతే వీళ్లు పాసవ్వరు. అదీ నిజమే. పదేళ్లుగా ఎంతమంది పిల్లల రాతలు ఇలా కొట్టేశానో…

ఈరోజు పేపరులో మార్కు తగ్గించడానికి ఏమీ దొరకలేదు. బ్యాంకు మేనేజరుకు పదికి పది వేసి వచ్చాను.