నాలుగు స్టూళ్ళు, ఒక సారీ

మావయ్యకి,
కోపం దిగని మీ మేనల్లుడు నమస్కరించి రాసేది.

నన్ను లాండ్రీ లోంచి బయటికి పంపారు. సంగతి మీ దాకా వేరేలా వస్తుంది కాబట్టి నేనే చెబుతున్నాను. ఇస్త్రీ గదిలో నాలుగు స్టూళ్ళుండేవి. కూర్చుంటే చేతులు నెమ్మదిస్తాయని మా మేనేజరు వాటిని తీయించి సామాన్ల గదిలో పడేసి తాళం వేశాడు. మాలో అందరికన్నా పెద్దది ఇస్త్రీ పెద్దమ్మ. ఆవిడ మోకాళ్ళు వాచిపోయాయి. నేను మేనేజరు గదిలోకి వెళ్ళి, ఆయన కుర్చీ ఎత్తుకొచ్చి, పెద్దమ్మని కూర్చోబెట్టాను. ఆయన వచ్చి ఇదేమిటన్నాడు. ‘నిలబడి పనిచేసేవారి హక్కులు’ అనే కరపత్రం పదహారు పేజీలూ చదివి వినిపించాను. ఆయన నిలబడే విన్నాడు, కుర్చీ లేదు కదా.

ఇప్పుడు ఇంగ్లీషులో సారీ లెటరు ఇస్తేనే లోపలికి రానిస్తాడట. యజమాని ఫైల్లోకి ఇంగ్లీషు కాగితమే ఎక్కుతుందట. వచ్చే సోమవారం లోపు ఇవ్వకపోతే నా బల్ల దగ్గర ఇంకొకణ్ణి పెడతాడు. నేను పోతే స్టూళ్ళ సంగతి అడిగే దిక్కుండదు. అలాగని నాలో సారీ వెతికినా లేదు. మీరు ఆఫీసు ముందు టైపు మిషను పెట్టుకుని ముప్పై ఏళ్ళుగా అందరి అర్జీలూ రాస్తున్నారు. చూడ్డానికి సారీలా ఉండి సారీ కాని మాట ఏదైనా ఉంటే వెంటనే పంపండి.

తల వంచని,
మీ అల్లుడు

తా.క. మా మేనేజరు హోటలు దుప్పట్ల బండితో రోజు విడిచి రోజు మీ ఊరే వస్తాడు. కనబడితే మొహం చూడకండి.

*

అల్లుడికి,
మావయ్యా అత్తయ్యా దీవించి రాసేది. అత్తయ్య దీవెన మనస్ఫూర్తిగానే, నా దాంట్లో కాస్త చీవాట్లు కలిశాయి.

ఇంగ్లీషులో ఆ పనికి ఒక్క మాటే ఉందనుకోకు. కాలు తొక్కితే సారీ. అది కాలు తీసేలోపే అయిపోవాలి. మాట వినపడకపోతే పార్డన్. అందులో తప్పు ఎదుటివాడి గొంతుది. జనంలోంచి దూరాలంటే ఎక్స్‌క్యూజ్ మీ, అంటే నెట్టబోతున్నానని ముందే చెప్పడం. అపాలజీ బరువైనది, సంతకం లేకుండా నిలబడదు. నీకు సరిపోయేది రిగ్రెట్. రైలు ఆలస్యమైనా, కుళాయి రాకపోయినా ఆఫీసులవాళ్ళు వాడేది ఇదే. చెడు జరిగినట్టు ఒప్పుకుంటారు, చేసినవాడు మాత్రం ఎవడూ ఉండడు.

‘కుర్చీ విషయమై రిగ్రెట్ చేయడమైనది’ అని రెండు వరుసలు టైపు కొట్టి పంపుతున్నాను. ఇచ్చెయ్.

ఆశీస్సులతో,
మావయ్య

తా.క. ఆ పదహారు పేజీలు నాకు పంపకు. నా దగ్గరికొచ్చేవాళ్ళని నేనూ నిలబెట్టే రాస్తాను. కూర్చోబెడితే కథ పుట్టుక నుంచీ మొదలుపెడతారు.

*

మావయ్యకి,
నమస్కారం ఒక్కటే తీరిగ్గా, మిగతాదంతా హడావిడిగా.

కాగితం తిరిగొచ్చింది. అంచున ఎర్ర పెన్సిలుతో ‘చేసిందెవరు?’ అని ఉంది. సబ్బు డబ్బా మీది ఇంగ్లీషు చదవడానికి డ్రైవరుని కేకేసే మనిషి మావయ్యా ఈయన. ఎవరో చదివిపెడుతున్నారు. చదువుని మేనేజర్లకి తాకట్టు పెట్టిన ఆ పెద్దమనిషి ఎవరో తెలిస్తే, ఆయన మీద కరపత్రం నేనే రాస్తాను.

పెద్దమ్మ బట్టల మూట మీద కూర్చుందని మూట కూడా తీయించాడట. ఇంకో మాట పంపండి. గట్టిది.

మండుతున్న,
మీ అల్లుడు

*

అల్లుడికి,
దీవెనలు, ఒక గ్లాసు చల్లటి నీళ్ళు తాగి చదువు.

ఆ ఎర్ర పెన్సిలు ఆయన్ని తిట్టకు. తప్పు కళ్ళబడితే దిద్దకుండా ఉండలేని మనిషయి ఉంటాడు పాపం. అలాంటివాళ్ళు ఇప్పుడెక్కడున్నారు.

ఈసారి అపాలజైజే వాడాను, కానీ ముందర ‘ఒకవేళ’ తగిలించాను. ‘ఒకవేళ ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే అపాలజైజ్ చేస్తున్నాను.’ పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు వాడే సరుకు. ఎవరూ నొచ్చుకోకపోతే చెప్పనట్టే లెక్క.

క్షేమం కోరే,
మావయ్య

తా.క. ఇందులో లొసుగు పట్టాలంటే నా అంతటివాడు కావాలి.

*

మావయ్యకి,
నమస్కారాలు.

పట్టాడు. ‘ఒకవేళ’ కొట్టేసి, ‘నొచ్చుకున్నారు’ అని దిద్దాడు. ఎల్లుండే సోమవారం.

ఇక్కడ ఇంకోటి జరిగింది. నిన్న పెద్దమ్మ ఇస్త్రీ పెట్టె దించి, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. ఆవిణ్ణి చూసి మిగతా ముగ్గురూ కూర్చున్నారు. దుప్పట్లు కుప్పగా పడున్నాయి. మేనేజరు కేకలేస్తే, ‘ఆ కుర్రాణ్ణి రానిచ్చి స్టూళ్ళు వేస్తే లేస్తాం’ అందట. నాకు కబురు పెట్టింది: ‘ఆ సారీ ఏదో వాడి గొంతుకి అడ్డం పడితే నాకిమ్మను, నేను చెప్పేస్తాను. నా మోకాళ్ళకి ఇంగ్లీషు రాదు.’

అది విన్నప్పటినుంచీ కుదురు లేదు. గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతున్నాను. కరపత్రంలో దీనికి పేజీ లేదు. ఒట్టి సారీ పంపండి, సంతకం పెట్టేస్తాను. ఈ ఉత్తరం పాల వ్యాను అతనికిచ్చి పంపుతున్నాను.

ఓడిపోయానని ఇంకా ఒప్పుకోని,
మీ అల్లుడు

తా.క. ఆ ఎర్ర పెన్సిలు గీత చివర చిన్న తోక ఉంది. చూస్తే నా మూడో తరగతి లెక్కల పుస్తకం గుర్తొస్తోంది. ఎందుకో తెలీదు.

*

అల్లుడికి,
దీవెనలు. ఈ ఉత్తరం తెచ్చింది మీ మేనేజరే. చివరిదాకా చదవకుండా తలుపు వేయకు.

ఎర్ర పెన్సిలు నాది. పదకొండేళ్ళుగా ఆయన ఇంగ్లీషు కాగితాలు చదివేదీ రాసేదీ నేనే. చెబితే నువ్వు నా చేత రాయించుకోవని చెప్పలేదు. నీ తరఫున దొరక్కుండా రాశాను, ఆయన తరఫున చదివి దొరికినదల్లా దిద్దాను. పని అన్నాక రెండు వైపులా సరిగ్గానే చెయ్యాలి కదా అనుకున్నాను. నువ్వు నా మేనల్లుడివని ఇవాళ ఆయనతో చెప్పాను. ‘అదా సంగతి’ అన్నాడు. దాని భావం నేనడగలేదు.

ఇవాళ ఆయనొచ్చింది నీ కాగితం పట్టుకుని కాదు. దుప్పట్లు ఎందుకు చేరలేదో రాసిమ్మన్నాడట యజమాని. ‘చూడ్డానికి సారీలా ఉండాలి, సారీ కాకూడదు గురువుగారూ’ అన్నాడు. నవ్వు ఆపుకోవడానికి కళ్ళద్దాలు తుడుచుకోవలసి వచ్చింది. రిగ్రెట్ చాలదా అన్నాడు. చేసిందెవరన్నాను. ‘ఒకవేళ’ పెట్టమన్నాడు. పెట్టి కొట్టేశాను. అలా మాటకో పేచీ పెడుతూ గంటన్నర నిలబడ్డాడు. చివరికి ఈ కాలి మీద బరువు ఆ కాలి మీదికి మార్చుకుంటూ, ‘ఇక్కడో స్టూలన్నా వేయించకూడదా’ అన్నాడు.

నేను మిషను ఆపి ఆయన మొహం చూశాను. ఆయనా నా మొహం చూశాడు. ఆ తరవాత పేచీ లేదు.

ఇద్దరికీ కలిపి ఒకటే కాగితం కొట్టాను. పైన ఆయనది: స్టూళ్ళు తీయించినందుకు సారీ, సోమవారం పొద్దున్నే వేయిస్తాను. కింద నీది: అడక్కుండా కుర్చీ ఎత్తుకెళ్ళినందుకు సారీ. కరపత్రం ఊసు ఎత్తలేదు, దానికి నువ్వు సారీ చెప్పనక్కర్లేదు. ఇద్దరికీ కాలు తొక్కినప్పటి మాటే వాడాను. ఆయన సంతకం అయిపోయింది.

తప్పు ఒప్పుకుంటూ,
ఎర్ర పెన్సిలు మావయ్య

తా.క. నా మీద రాస్తానన్న కరపత్రం మానకు. ముప్పై ఏళ్ళుగా జనాన్ని నిలబెట్టిన సంగతి మొదటి పేజీలోనే ఉండాలి. అది తెచ్చేటప్పుడు నాకో స్టూలు పట్టుకురా. అన్నట్టు, ఆయన ఈపాటికి నీ గుమ్మంలో నిలబడే ఉంటాడు. కుర్చీ వెయ్యి.